తెర మీద కషాయం.. తాగినవాడికి నయమైందా?

కల్వంలో పూరేకులు వేసి నూరాలి. కాగుతున్న బానలో వేసి తెడ్డుతో నిదానంగా తిప్పాలి. నిప్పులు రాజుకునేలా తిత్తి ఊదాలి. సీసాలోకి వంచి మూత బిగించి, ఎదురుచూస్తున్న మనిషి చేతిలో పెట్టి డబ్బులు తీసుకోవాలి. ఇదేదో నాటు వైద్యుడి ఇంటి ముచ్చట అనుకునేరు.. కాదు. కంప్యూటర్ ఆట! పేరు ‘పోషన్ క్రాఫ్ట్’.

తుపాకుల మోత లేదు. కార్ల పరుగు లేదు. తరిమే గడియారం లేదు. ఇలాంటివాటిని ఆటగాళ్లు ‘కోజీ గేమ్స్’ అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే హాయి ఆటలు. బెంగళూరులో వారమంతా కొలువు చేసి శనివారం హోసూరు చేరుకునే మా అమ్మాయి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడేది ఈ ఆటే. ‘వారమంతా చూసేది తెరే కదా, ఇంటికొచ్చినా తెరేనా?’ అని మొదట్లో విసుక్కున్నాం. రెండు ఆదివారాలు పక్కన కూర్చుని చూశాక సంగతి అర్థమైంది. ఆటలో ఉన్నదేమిటో, లేనిదేమిటో కూడా తెలిసింది. ఆ రెండోది చెప్పింది మాత్రం మేం కాదు.. ఎనభై దాటిన మా అమ్మ!

దారి వెతకడమే ఆట

నైస్‌ప్లే గేమ్స్ అనే సంస్థ తయారుచేసిన ఈ ఆటను టైనీబిల్డ్ విడుదల చేసింది. 2021 సెప్టెంబరు 21న తొలిరూపం, 2022 డిసెంబరు 13న పూర్తిరూపం వచ్చాయి. బొమ్మలన్నీ ఐరోపాలో వందల ఏళ్ల కిందట చేత్తో రాసిన తాళ్లకట్టు పుస్తకాల్లోని బొమ్మల్లా ఉంటాయి. పాత కాగితం రంగు, ఇంకు గీతలు. ఊరి రసవాది ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది. అందులో మనం దిగి, మందుల దుకాణం తెరవాలి. అంతే కథ.

అసలు గమ్మత్తు మందు కాచే పద్ధతిలో ఉంది. మామూలు ఆటల్లో ‘ఈ రెండు కలిపితే ఆ మందు’ అని పట్టీ ఇచ్చేస్తారు. ఇక్కడ ఒక పటం ఇస్తారు. దాని నడుమ మన సీసా ఉంటుంది. పటంలో అక్కడొకటి, ఇక్కడొకటి మందుల గుర్తులు.. గాయం మాన్పేది, విషం, నిప్పు, మంచు ఇలా. మొదట్లో పటమంతా మంచు కప్పినట్లు కనిపించదు. సీసా వెళ్లిన మేరకే తెర తొలగుతుంది.

సీసాను నడిపించేది మూలికలే. ఒక్కో ఆకుకు, పువ్వుకు, పుట్టగొడుగుకు ఒక్కో దారి ఉంటుంది. ఫైర్‌బెల్, వాటర్‌బ్లూమ్, విండ్‌బ్లూమ్, టెర్రారియా అని నిప్పు, నీరు, గాలి, మట్టి గుర్తొచ్చే పేర్లున్న మూలికలు మొదట్లోనే చేతికొస్తాయి. ఒకటి ఒక దిక్కుకు లాగితే ఇంకొకటి మరో దిక్కుకు. మూలికను అలాగే బానలో పడేస్తే సీసా కొంత దూరమే పోతుంది. కల్వంలో ఎంత మెత్తగా నూరితే అంత దూరం పోతుంది. తెడ్డు తిప్పితేనే కదులుతుంది. దారి తప్పితే గరిటెతో నీళ్లు పోయాలి.. సీసా మళ్లీ నడిమికి వెనక్కి వస్తుంది. పటంలో ఎముకల గుర్తులున్న చోటికి పోయిందంటే మందు చెడినట్లే!

గుర్తు మీదికి చేరాక తిత్తి ఊదాలి. అప్పుడే ఆ గుణం మందుకు పడుతుంది. గుర్తుకు సీసా ఎంత సరిగ్గా అతికితే మందుకు అంత బలం. ఇందులో మూడు మెట్లు. అంచు తాకితే ఒకటో మెట్టు, అచ్చంగా కుదిరితే మూడో మెట్టు. ఒక వెంట్రుకవాసి తేడాతో రెండో మెట్టులో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి కాచేవాళ్లే ఎక్కువ.

ఎందుకంత ఇష్టం?

‘ఆఫీసులో చేసిన పనికి రూపం కనిపించదు నాన్నా. ఇక్కడ నూరితే నూరినట్లు కనిపిస్తుంది’.. ఇది మా అమ్మాయి మాట. మౌస్‌ను పైకీ కిందికీ ఆడిస్తే రోకలి ఆడుతుంది. గుండ్రంగా తిప్పితే తెడ్డు తిరుగుతుంది. నూరుతుంటే కరకర, కాగుతుంటే బుడబుడ. చేత్తో ఏదో చేశామన్న తృప్తి.

రెండోది.. తొందర లేకపోవడం. గుమ్మంలోని మనిషి అరగంట నిలబెట్టినా విసుక్కోడు. తెల్లారి లేచి తోటలో మొలిచినవి కోసుకోవడం, వచ్చినవాళ్లకు మందులివ్వడం, చీకటి పడ్డాక మంచమెక్కడం.. మంచమెప్పుడు ఎక్కాలో కూడా మన ఇష్టమే.

మూడోది.. ఎవరి దారి వారిదే. ఒకే మందును ఇద్దరు రెండు రకాలుగా కాయవచ్చు. ఒకరు అయిదు మూలికలతో చుట్టూ తిరిగి వస్తే, ఇంకొకరు రెండింటితో అడ్డదారిన చేరతారు. ఎక్కడో చదివి చేసింది కాకుండా, తాను కనిపెట్టిన దారి అన్న గర్వం మిగులుతుంది. అందుకే ఈ ఆటలో అన్నింటికన్నా మంచి ఘడియలు మొదటి కొన్ని గంటలే. ఏమీ తెలియని ఆ గంటలే!

గుమ్మం ముందుకొచ్చేవాళ్లు మందు పేరు చెప్పరు. బాధ చెబుతారు. ఏ మందు ఇవ్వాలో మనమే పోల్చుకోవాలి. మధ్యలో దొంగబుద్ధి మనుషులూ వస్తారు. వారడిగినవి ఇస్తే డబ్బులొస్తాయి కానీ మన పేరు చెడుతుంది.

పోను పోను లక్ష్యాలు పెద్దవవుతాయి. చివరికి నేలమాళిగలోని యంత్రాన్ని బాగుచేసి ‘పరుసవేది’ని తయారుచేయాలి. నలుపు, తెలుపు, పసుపు, ఎరుపు అని పాతకాలపు ఐరోపా రసవాదులు చెప్పిన నాలుగు దశలే ఇక్కడా మెట్లు. ఇనుమును బంగారం చేసే రాయి మాట మనకేమీ కొత్త కాదు. వేమన యోగి కాకముందు బంగారం చేసే విద్య వెంట తిరిగాడన్న కథ తెలుగిళ్లలో వినిపించేదే.

పుస్తకంలోకి ఎక్కితే..

మరి లోటేమీ లేదా? ఉంది. అది ఆట నడుమ మెల్లగా బయటపడుతుంది.

కష్టపడి కాచిన మందును ఆటలోని పుస్తకంలో రాసి దాచుకోవచ్చు. తర్వాత మూలికలుంటే చాలు, పేజీ తీసి నొక్కితే మందు తయారు. నూరేది లేదు, తిప్పేది లేదు. ఇది సౌకర్యమే. కానీ ఏ పని కోసమైతే ఆటకు వచ్చామో ఆ పనినే ఆట మన చేతిలోంచి తీసేసుకుంటుంది. ఇరవై, ముప్పై పేజీలు నిండేసరికి రసవాది కాస్తా కౌంటర్‌లో బిల్లు కొట్టే మనిషి అవుతాడు. ‘కాళ్లనొప్పా? ఇదిగో. పైరు పెరగాలా? ఇదిగో’.. అంతే!

బేరమూ అంతే. ఒక గీత మీద ముల్లు అటూ ఇటూ తిరుగుతుంటుంది. సరైన చోట నొక్కితే ధర పెరుగుతుంది. మొదటి పదిసార్లు సరదా. వందోసారికి చెయ్యి నొప్పి. బేరమంటే మాట కదా! సంతలో వంకాయలకు బేరమాడే మన ఆడవాళ్ల మాటల్లో ఉన్న రుచి ఆ ముల్లులో ఎక్కడుంది?

పరుసవేది దగ్గరికి వచ్చేసరికి రకరకాల లవణాలు తయారుచేయాలి. వాటి కోసం మందుల మీద మందులు, వాటి కోసం బుట్టల కొద్దీ మూలికలు. హాయిగా మొదలైన ఆట ఇక్కడ కూలిపనిలా మారుతుంది. తొందరపెట్టని ఆట అన్నాం కానీ, ఆపమని చెప్పని ఆట కూడా ఇదే. ‘ఇంకొక్క మందు’ అనుకుంటూనే అర్ధరాత్రి దాటుతుంది. సోమవారం తెల్లవారుజామున బెంగళూరు బస్సు అందుకోవాల్సినవాళ్లకు అది చిన్న నష్టం కాదు.

అవ్వ అడిగిన ప్రశ్న

రెండో ఆదివారం మా అమ్మ వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. ఆమెకు ఇంగ్లిషు రాదు. ఆటలో తెలుగు లేదు. అయినా చూసిన నిమిషానికే ‘కల్వము కదా అది’ అంది. మా అమ్మాయి ‘కల్వం అంటే?’ అని అడిగింది. తమిళం, ఇంగ్లిషు చదివి పెరిగిన పిల్ల. తెలుగు నోట్లో ఉంది, మాటలు కొన్ని లేవు. అవ్వ లేచిపోయి అటక మీద బట్ట చుట్టి పెట్టిన రాతి కల్వాన్ని దింపించింది. మా తాత శొంఠి, మిరియాలు నూరినది. పిల్ల దాన్ని చేతుల్లోకి తీసుకుని ‘ఇంత బరువా!’ అంది. తెర మీది కల్వానికి బరువు లేదు మరి.

తర్వాత అవ్వ ఆటలో మునిగిపోయింది. ‘ఇంకా నూరు పాపా, మెత్తగా కాలేదు’ అంటూ సలహాలు. ఒక మనిషి వచ్చాడు, మందు తీసుకున్నాడు, డబ్బులు పెట్టాడు, పోయాడు. ఇంకొకడు వచ్చాడు. అప్పుడడిగింది.

‘ముందు వచ్చినోనికి బాగైందా?’

‘తెలీదు అవ్వా. వాడు దుడ్డు ఇచ్చి పోయినాడు కదా’

‘రేపు వచ్చి చెప్తాడా?’

‘చెప్పడు. ఆటలో అట్ల ఉండదు’

‘మరి నువ్వు ఇచ్చిన మందు మంచిదో కాదో నీకెట్ల తెలిసేది?’

మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. మందు మూడో మెట్టుదని ఆట చెబుతుంది. ధర ఎంతో చెబుతుంది. తాగిన మనిషి ఏమయ్యాడో మాత్రం మేం చూసినంతలో ఎక్కడా చెప్పలేదు. మనుషులు మందు అడగడానికే పుడతారు, డబ్బులిచ్చి మాయమవుతారు. మా అమ్మ ఇప్పటికీ పక్కింటి పిల్లాడికి జలుబు చేస్తే కషాయం ఇస్తుంది. తెల్లారగానే గోడ మీది నుంచి ‘ఎట్లుండాడు?’ అని అడుగుతుంది. అడగకపోతే ఆమెకు తోచదు. కాచేది ఎంత పనో, అడిగేదీ అంత పనే. ఈ ఆట మొదటి సగాన్ని ఎంతో అందంగా పట్టుకుంది. రెండో సగం దాని లెక్కలోనే లేదు.

నయమయ్యే ఊరు ఇంకొకటి

ఆ లోటు తెలిసి చేసినట్లుండే ఆటలూ ఉన్నాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన ‘పోషన్ పర్మిట్’ అలాంటిదే. ఇండోనేసియాకు చెందిన మాస్‌హైవ్ మీడియా తయారుచేసింది. రాజధాని నుంచి మూన్‌బరీ అనే ఊరికి వచ్చిన వైద్యుడి కథ. ఊరివాళ్లకు బయటి మందులంటే నమ్మకం లేదు. రోగి వైద్యశాలలో మంచం మీద పడుకుంటాడు. నొప్పి ఎక్కడో చూసి మందివ్వాలి. నయమైతే లేచి ఇంటికి పోతాడు, ఆపై వీధిలో కనిపిస్తే పలకరిస్తాడు. నమ్మకం కొంచెం కొంచెంగా పెరుగుతుంది. అయితే మందు కాచే పని ఇక్కడ పలుచన. ముక్కలు పేర్చి గడులు నింపే చిక్కుముడి అంతే. నూరిన తృప్తి రాదు.

అదే ఏడాది అక్టోబరులో ‘పోషనామిక్స్’ వచ్చింది. సిల్వియా అనే అమ్మాయికి మేనమామ వరసాయన దుకాణం, దాంతోపాటు కొండంత అప్పు మిగులుతాయి. ఇందులో బేరం పేకముక్కల్లాంటి పత్రాలతో సాగుతుంది. మనుషులకు మాటలూ కోపాలూ స్నేహాలూ ఉన్నాయి. కానీ అప్పు తీర్చాల్సిన గడువులు తరుముతాయి. హాయి కోరి వచ్చినవాళ్లకు అది కొంచెం గుండెదడే. ఒకదానిలో చెయ్యి ఉంది, ఒకదానిలో మనిషి ఉన్నాడు, ఒకదానిలో బేరం ఉంది. మూడూ ఒక్కచోట కుదిరిన ఆట మాకైతే కనిపించలేదు.

ఆడేముందు..

* ‘పోషన్ క్రాఫ్ట్’ ఆడేవాళ్లు మందుల చిట్టాలు ఎక్కడా వెతక్కపోవడమే మేలు. దారి వెతకడమే ఇందులో సొగసు. చూసి చేస్తే ఆట సగం అయిపోయినట్లే.

* కాచిన ప్రతిదాన్నీ పుస్తకంలోకి ఎక్కించకండి. ఇష్టమైనవి కొన్ని ప్రతిసారీ చేత్తోనే కాయండి.

* ఎన్ని గంటలన్నది ముందే అనుకుని కూర్చోండి. ఆటలో పొద్దు గుంకితే మన మంచమూ ఎక్కేయడం మంచి పద్ధతి.

* పరుసవేది దాకా పోయి తీరాలన్న పట్టు వద్దు. విసుగు పుట్టినచోట ఆపినా ఆట దక్కినట్లే.

* తెర మీది మూలికలు, పుట్టగొడుగులు చాలావరకు కల్పితం. పిల్లలు చూసి పెరట్లోవి కలిపి తాగే ప్రయత్నం చేయకుండా కనిపెట్టుకోవాలి.

* ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. కల్వానికి, తెడ్డుకు, తిత్తికి భాష అక్కర్లేదు. వాళ్ల నోటి నుంచి వచ్చే మాటలే మన పిల్లలకు లాభం.

ఆ సాయంత్రం మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి కల్వం కడిగింది. అవ్వ చెబుతుంటే శొంఠి నూరింది. తెర మీద అరనిమిషంలో పొడి అయ్యేది ఇక్కడ చెయ్యి పడిపోయేదాకా కాలేదు. గొంతునొప్పితో ఉన్న నాకే ఆ కషాయం దక్కింది. ఘాటు ఎక్కువ, బెల్లం తక్కువ. సోమవారం పొద్దున ఎనిమిదింటికి బెంగళూరు నుంచి ఫోను వచ్చింది.

‘ఎట్లుంది నాన్నా గొంతు?’