పోకర్ నైపుణ్యమూ ఇంటి ఖర్చుల లెక్కా

పోకర్ నైపుణ్యంతో గెలిచే ఆటా, అదృష్టం మీద నడిచే జూదమా అన్న చర్చ న్యాయస్థానాల్లోనూ గణితజ్ఞుల్లోనూ చాలాకాలంగా సాగుతున్నా, ఆ ఆటనే వృత్తిగా చేసుకోదలచిన మనిషికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. నిజంగానే నైపుణ్యం ఉండి, దీర్ఘకాలంలో లాభం తీయగలిగినంత బాగా ఆడేవాడు ఆ లాభం మీద సంసారం నడపగలడా అన్నదే ఆ ప్రశ్న. మొదటిదానికి సమాధానం అనుకూలంగా వచ్చింది గనుక రెండోదానికీ అలాగే వస్తుందని నమ్మి ఉద్యోగాలు, చదువులు వదులుకున్నవారు అనేకులు ఉన్నందున, ఈ రెండు లెక్కలనూ విడివిడిగా పరిశీలించడం అవసరం.

నేడు విరివిగా ఆడుతున్న పోకర్ రకం టెక్సస్ హోల్డెమ్. ఇందులో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తరువాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలను, మొదట మూడు, పిదప ఒకటి, చివర ఒకటి చొప్పున బల్ల మీద తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన ఐదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారిదే గెలుపు. ప్రతి దశలోనూ పందెం కాయవచ్చు గనుక, ఎదుటివారందరూ ముక్కలు పడేస్తే, చేతిలో ఏమీ లేనివాడు కూడా మధ్యలో పోగైన సొమ్మును, అంటే 'పాట్'ను, తీసుకుపోగలడు. ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పనిసరిగా పెట్టవలసిన పందేలను బ్లైండ్లు అంటారు. మూడుముక్కలాటలో ముక్కలు చూడకుండా ఆడే బ్లైండ్‌తో వీటికి సంబంధం లేదు. వీటిలో పెద్దదైన 'బిగ్ బ్లైండ్' ఆ బల్ల స్థాయికి కొలమానం కాబట్టి, లాభనష్టాలను ఆటగాళ్లు ఆ లెక్కలోనే చెప్పుకుంటారు. ముక్కలు ఒకసారి పంచిన దగ్గర నుంచి పాట్ ఎవరిదో తేలేదాకా సాగేది ఒక 'హ్యాండ్'.

ఈ ఆటలో వ్యూహానికి పునాది ఎదుటివారి ముఖకవళికలు చదవడం కాదు, ధరను సంభావ్యతతో పోల్చి చూడటం. ఒక ఆటగాడి చేతిలో రెండు ఇస్పేటు ముక్కలు, బల్ల మీద తెరిచిన నాలుగింటిలో మరో రెండు ఇస్పేట్లు ఉన్నాయనుకుంటే, ఇంకొక ఇస్పేటు వస్తే ఐదూ ఒకే రంగై 'ఫ్లష్' అనే బలమైన కూర్పు ఏర్పడుతుంది. అతనికి కనబడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. అంటే కోరిన ముక్క పడే అవకాశం సుమారు 19.6 శాతం. పాట్‌లో 1,000 రూపాయలు ఉండగా ఎదుటివాడు 500 పందెం కాస్తే, 1,500 కోసం 500 పెట్టవలసి వస్తుంది. ఈ ధర గిట్టాలంటే నాలుగింట ఒకసారి, అనగా 25 శాతం, గెలవాలి. ఆ తరువాత పందేలు లేవనుకుంటే, ఈ పరిస్థితిలో డబ్బు పెట్టిన ప్రతిసారీ సగటున 109 రూపాయలు పోతాయి. ఇస్పేటు పడి పాట్ చేతికొచ్చిన రోజున కూడా ఆ నిర్ణయం తప్పే. ఫలితాన్ని బట్టి కాక, నిర్ణయం తీసుకున్న క్షణంలో తెలిసిన విషయాలను బట్టి దాని మంచిచెడ్డలు తేల్చడం ఈ ఆట నేర్పే అతి కష్టమైన పాఠం, బహుశా అత్యంత విలువైనది కూడా.

చేతిలో బలం లేకుండా బలమున్నట్టు పందెం కాసే 'బ్లఫ్' సైతం ఇటువంటి లెక్కే. పాట్ ఎంత ఉందో అంతే పందెం కాసినప్పుడు, ఎదుటివాడు రెండు వంతుల సొమ్ము కోసం ఒక వంతు పెట్టవలసి వస్తుంది. కాసేవాడి పందేల్లో సరిగ్గా మూడో వంతు బ్లఫ్‌లైతే, ఎదుటివాడు డబ్బు పెట్టినా, ముక్కలు పడేసినా సగటు ఫలితం ఒక్కటే. అంతకంటే తక్కువగా బ్లఫ్ చేస్తే నిజమైన బలానికి ఎవరూ డబ్బివ్వరు, ఎక్కువగా చేస్తే పట్టుబడతాడు. జాన్ ఫాన్ నాయ్‌మన్, ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్ 1944లో వెలువరించిన గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేక విభాగం కేటాయించి, బ్లఫ్ అనేది మోసబుద్ధికి సంబంధించినది కాదనీ సరైన ఆటలో విడదీయరాని భాగమనీ గణితపరంగా నిరూపించారు. క్రీడా సిద్ధాంతం అనే శాస్త్రశాఖ స్థిరపడింది ఆ గ్రంథంతోనే.

ఆ సిద్ధాంతం ఏడు దశాబ్దాలకు యంత్రాల చేతికొచ్చింది. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు, పందేలకు పరిమితి ఉండే ఇద్దరి ఆటను దాదాపు పూర్తిగా ఛేదించినట్టు 2015లో ప్రకటించారు; 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ పరిమితి లేని ఆటలో నలుగురు వృత్తి ఆటగాళ్లను 1,20,000 హ్యాండ్ల పోటీలో ఓడించింది. అదృష్టమే సర్వస్వమైతే ఇది సాధ్యమయ్యేది కాదు గనుక, నైపుణ్యం గురించిన పాత చర్చకు ఇంతకంటే గట్టి జవాబు అక్కరలేదు. అయితే ఇదే జవాబు ఉపాధి కోరేవారికి ప్రతికూలంగా మారింది. అమెరికాలోని టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్, కొద్ది డాలర్లతో ఆన్‌లైన్ అర్హత పోటీ గెలిచి 2003 ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచిన తరువాత, ఆట తెలియని లక్షలాది మంది బల్లల దగ్గరకు వచ్చారు. ఆ కొన్నేళ్లలో ఓ మోస్తరు నేర్పుతోనే సంపాదన సాధ్యమైంది. పోకర్‌లో కొత్త సంపద పుట్టదు, ఒకరి లాభం మరొకరి నష్టమే. పైగా ప్రతి పాట్ నుంచి 'రేక్' పేరిట నిర్వాహకులు కోత తీసుకుంటారు. అందువల్ల గెలిచేవాడి ఆదాయం అతని నేర్పు మీద ఎంత ఆధారపడుతుందో, ఎదుట కూర్చున్నవారి అజ్ఞానం మీదా అంతే ఆధారపడుతుంది. సరైన ఆట ఏదో చెప్పే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఆ అజ్ఞానం తగ్గుతూ వస్తోంది.

ఇక రెండో లెక్క. రేక్ పోను ప్రతి 100 హ్యాండ్లకు సగటున 5 బిగ్ బ్లైండ్లు గెలిచే ఆటగాణ్ణి ఆన్‌లైన్ ప్రమాణాల్లో గట్టివాడిగానే పరిగణించాలి. కాని 100 హ్యాండ్ల ఫలితాల్లో ఎగుడుదిగుళ్లను కొలిచే ప్రామాణిక విచలనం 90 బిగ్ బ్లైండ్ల ప్రాంతంలో ఉంటుంది; అంటే సగటు లాభం 5 ఉన్నచోట మామూలు ఊగిసలాటే 90. ఈ అంకెలతో లెక్క కడితే, 10,000 హ్యాండ్లు ఆడిన తరువాత కూడా అటువంటి గట్టి ఆటగాడు నష్టంలో ఉండే అవకాశం 29 శాతం. అంతకంటే ప్రమాదకరమైనది దీని మరో వైపు: 100 హ్యాండ్లకు 2 బిగ్ బ్లైండ్లు పోగొట్టుకునే బలహీనుడు అదే 10,000 హ్యాండ్ల తరువాత లాభంలో ఉండే అవకాశం 41 శాతం. కొన్ని నెలలు కలిసొచ్చిన అనుభవాన్ని ప్రతిభకు రుజువుగా తీసుకుని ఉద్యోగం మానేసేవారిలో ఈ రెండో తరగతివారు తక్కువేమీ కాదు. 1,00,000 హ్యాండ్ల దాకా పోతే గట్టి ఆటగాడు నష్టంలో ఉండే అవకాశం 4 శాతానికి దిగుతుంది గాని, కాసినోలో గంటకు 30 హ్యాండ్ల చొప్పున వారానికి 40 గంటలు ఆడినా అందుకు ఏడాదిన్నర పైగా పడుతుంది. కాసినోలో ప్రత్యర్థులు బలహీనులై గెలుపు రేటు పెరగవచ్చు. నిదానం మాత్రం తప్పదు.

అందుకే ఆటకోసం విడిగా మూలధనం ఉండాలంటారు. బల్ల మీదకు సాధారణంగా తీసుకెళ్లే 100 బిగ్ బ్లైండ్లకు 20 రెట్లు, అనగా 2,000 బిగ్ బ్లైండ్లు, చేతిలో ఉంచుకుని పై ఆటగాడు అదే స్థాయిలో ఆడుతూ పోతే, ఎప్పటికైనా అదంతా తుడిచిపెట్టుకుపోయే అవకాశం సుమారు 8.5 శాతం. ఈ అంకె భరించదగినదిగానే కనిపిస్తుంది గాని, ఇందులో ఇంటి ఖర్చు లేదు. గెలిచిన ప్రతి 5 బిగ్ బ్లైండ్లలో 3 అద్దెకు, బియ్యానికి, పిల్లల చదువుకు పోతే మూలధనాన్ని పెంచేది మిగిలిన 2 మాత్రమే. ఊగిసలాట మాత్రం పాత 90 దగ్గరే ఉంటుంది. అప్పుడు దివాలా అవకాశం 37 శాతానికి ఎగబాకుతుంది. ఖర్చు గెలుపుతో సమానమైపోతే, ఆట ఎంత బాగున్నా, ఎంతకాలానికి అన్నదే తప్ప దివాలా తప్పదు. ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాడికీ, ఆట మీదే బతికేవాడికీ నైపుణ్యంలో రవ్వంత తేడా లేకపోయినా, ఇంటి ఖర్చు రెండో రేక్‌గా మారి వారి భవిష్యత్తులను వేరు చేస్తుంది.

నష్టాల కాలంలో అనుభవజ్ఞులు సూచించే మందు చిన్న పందేల బల్లకు దిగడం. మూలధనం సగమైనప్పుడు పందెం స్థాయినీ సగం చేసుకుంటే దివాలా దూరమవుతుందన్నది గణితపరంగా తిరుగులేని సలహా. జీతం ఉన్నవాడు దీన్ని పాటించగలడు. ఆట మీదే బతికేవాడు కిందికి దిగితే ఆదాయం కూడా సగమవుతుంది, ఇంటి అద్దె సగం కాదు; కాబట్టి మందు అత్యవసరమైన ఘడియలోనే అతనికి అది మింగుడుపడదు. నష్టం కలిగించే బాధ, అంతే మొత్తం లాభం కలిగించే సంతోషం కంటే తీవ్రంగా ఉంటుందని డేనియల్ కానమన్, ఎమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. ఆ బాధలో విచక్షణ తప్పి ఆడటాన్ని పోకర్ పరిభాషలో 'టిల్ట్' అంటారు. నెలాఖరు దగ్గరపడుతున్నప్పుడు దిగువ బల్లకు వెళ్లవలసిన మనిషి ఎగువ బల్లకు వెళ్లడం ఈ స్థితి పర్యవసానమే.

ప్రపంచ సిరీస్ ప్రధాన పోటీని 1980, 1981, 1997 సంవత్సరాల్లో మూడుసార్లు గెలిచిన స్టూ అంగర్ 1998లో లాస్‌వేగస్‌లోని ఒక మోటెల్ గదిలో 45 ఏళ్ల వయసులో మరణించే నాటికి అతని దగ్గర చెప్పుకోదగిన సొమ్ము లేదు. మత్తుపదార్థాలు, క్రీడల మీద పందేలు అతని గెలుపులన్నిటినీ మింగేశాయి. మేధలో అతనికి సాటివచ్చేవారు పోకర్ చరిత్రలో బహు కొద్దిమంది. పత్రికల్లో కనిపించే పోటీ బహుమతులు కూడా వృత్తి గురించి చెప్పేది స్వల్పం: 2024 ప్రధాన పోటీలో 10,112 మంది తలా 10,000 డాలర్లు కట్టగా విజేతకు కోటి డాలర్లు దక్కాయి, సుమారు 85 శాతం మందికి కట్టినది కూడా తిరిగిరాలేదు.

తెలుగు రాష్ట్రాలవారికి ఈ లెక్కలన్నిటికీ ముందు చట్టం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించి అర్ధశతాబ్దం దాటినా, తెలంగాణ 2017లో నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తొలగించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది; ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. మిగిలినవి గోవా, సిక్కిం వంటి చోట్ల ఉన్న కాసినోలు. అక్కడి గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, సర్‌చార్జీలు అదనం. ప్రయాణం, బస వంటి ఖర్చులకు మినహాయింపు లేదు, పేకాట నష్టాన్ని ఇతర ఆదాయంలోంచి తగ్గించుకునే వీలూ లేదు. పన్ను నికర లాభం మీదే పడుతుందని ఉదారంగా అనుకున్నా, పై ఆటగాడి 5 బిగ్ బ్లైండ్లు 3.5 అవుతాయి; ఇంటి ఖర్చు 3 పోగా మిగిలేది 0.5, దివాలా అవకాశం 78 శాతం. అమెరికా సుప్రీంకోర్టు 1987లో పూర్తికాల జూదాన్ని వ్యాపారంగా గుర్తించినప్పటికీ, అక్కడ 2025లో చేసిన పన్ను చట్టం 2026 నుంచి నష్టాల్లో 90 శాతానికే మినహాయింపు ఇస్తుంది. లక్ష డాలర్లు గెలిచి లక్ష పోగొట్టుకున్నవాడు 10,000 డాలర్ల ఆదాయానికి పన్ను కట్టవలసి ఉంటుంది.

ఇంత తెలిసినా చట్టం అనుమతించే దేశంలో ఈ వృత్తిలోకి రాదలచినవారు ముందుగా చేయవలసిన పనులు ఉన్నాయి. కనీసం ఒక ఏడాది, ఆదాయం అవసరం లేని రోజుల్లోనే, ఆడిన ప్రతి గంటకూ లెక్క రాసి గెలుపు రేటును అంచనా వేసుకోవాలి. ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చును ఆట మూలధనంతో కలపకుండా వేరే ఖాతాలో పెట్టాలి. జీతంతో పాటు వదులుకునే భవిష్యనిధినీ ఆరోగ్య బీమానూ ఖర్చు పద్దులో చేర్చాలి. మూలధనం ఏ మొత్తానికి పడిపోతే వృత్తి మానేయాలో ఆట మొదలుపెట్టకముందే తేల్చి రాసుకోవాలి. వరుసగా ఓడిన రాత్రి దాన్ని సవరించాలన్న కోరిక అందరికంటే ముందు ఆటగాడికే కలుగుతుంది కాబట్టి, ఆ కాగితపు ప్రతి ఒకటి ఇంట్లో జమాఖర్చులు చూసే మనిషి దగ్గర ఉండటం మేలు.