కాఫీ యంత్రం మొరాయిస్తే ముందు నీళ్లను చూడండి

నిన్నటి దాకా బుడబుడమంటూ డికాషన్ దించిన యంత్రం ఇవాళ ఎర్రదీపం వెలిగించి ఊరుకుంటుంది. పది నిమిషాలు చూసినా గాజు జగ్గులో చుక్క పడదు. "చెడిపోయింది" అని తీర్మానించి దాన్ని అటకెక్కించే ఇళ్లు చాలా ఉన్నాయి. వేలు పోసి కొన్న వస్తువు అలా మూలన పడుతుంది. అయితే ఇలా ఆగిన యంత్రాల్లో చాలావాటికి పట్టింది రోగం కాదు, సున్నం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుతో అది వదులుతుంది. ఎక్కడిదాకా మనం చేసుకోవచ్చు, ఎక్కడ చేయి తీసేయాలి అన్నది తెలిస్తే చాలు.

ఖమ్మం-భద్రాచలం అటవీ సరిహద్దున కాఫీ కొత్తది కాదు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేవి. ఆ తర్వాత కొత్తగూడెం, మణుగూరు, పాల్వంచ, సారపాకల్లో గనులు, ఫ్యాక్టరీల పుణ్యమా అని నలుమూలల జనం వచ్చి స్థిరపడ్డారు. ఇత్తడి ఫిల్టరు ఉన్న ఇళ్లలోకి ఇప్పుడు కరెంటు యంత్రం వస్తున్నది. కొందరు పట్నంలో కొంటున్నారు. కొందరికి అమెరికాలోని పిల్లలు తెచ్చి ఇస్తున్నారు.

యంత్రం లోపల ఏముంది?

జర్మనీలో 1954లో విగోమాట్ అనే పేరుతో మొదటి కరెంటు డికాషన్ యంత్రం వచ్చింది. అమెరికాలో 1972లో మిస్టర్ కాఫీ అనే యంత్రం ఇంటింటికీ చేరింది. నేటి చవక యంత్రాల్లోనూ పద్ధతి చాలా సులువు. వెనక నీళ్ల ట్యాంకు ఉంటుంది. దాని అడుగు నుంచి సన్నని గొట్టం ఒకటి వేడి తీగ పక్కగా పోతుంది. గొట్టంలో నీరు మరిగి, ఆవిరి బుడగలు ఆ వేడినీటిని పైకి తోస్తాయి. నీరు పొడి మీద పడి, డికాషనై జగ్గులోకి దిగుతుంది. వేడినీరు వెనక్కి ట్యాంకులోకి పోకుండా దారిలో చిన్న కవాటం ఉంటుంది. ఈ రకం యంత్రాల్లో మోటారు ఉండదు. నీరు పోయే దారి సన్నం కాబట్టి, అది మూసుకుంటే పని ఆగుతుంది.

జబ్బు ఎక్కడ?

ముందుగా అదే ప్లగ్గులో మరో వస్తువు పెట్టి చూడండి. అదీ పని చేయకపోతే లోపం ప్లగ్గుది. కరెంటు బాగుంటే యంత్రం వేసి, జగ్గు పెట్టే పళ్లెం దగ్గర చేయి ఆనించకుండా కాస్త ఎత్తున పెట్టి చూడండి. చాలా యంత్రాల్లో ఆ పళ్లేన్నీ గొట్టాన్నీ వేడి చేసేది ఒకే తీగ. పళ్లెం వేడెక్కినా నీరు పైకి రాకపోతే తీగ బాగానే ఉంది, అడ్డు గొట్టంలోనో కవాటంలోనో ఉంది. ఇది మీ చేతిలో పనే.

దీపం వెలిగినా పళ్లెం చల్లగా ఉంటే వేడి తీగ గానీ, లోపలి ఫ్యూజు గానీ పోయినట్టు. ఆ ఫ్యూజు అతివేడి కలిగినప్పుడు తనను తాను బలి పెట్టుకొని ఇల్లు కాపాడేది. దాన్ని తప్పించి వైరు ముడి వేయడం నిప్పుతో చెలగాటం. మెకానిక్కుకే అప్పగించండి.

నీరు పైకి వచ్చి పొడిలో నిలిచిపోతే, లేదా పొంగి బయటికి కారితే, తప్పు పొడిది. జగ్గు సరిగా కూర్చోకపోయినా కింది చుక్కల మూత తెరుచుకోదు.

నీరు వస్తున్నా చాలా నెమ్మదిగా వస్తే గొట్టంలో సున్నం కట్టడం మొదలై ఉండవచ్చు. లేదా లోవోల్టేజి కావచ్చు. 230 వోల్టులకు చేసిన యంత్రానికి 180 వోల్టులే అందితే దాని వేడి 60 శాతానికి పడిపోతుంది. బల్బు మసకగా ఉందా, ఫ్యాను నీరసంగా తిరుగుతున్నదా చూసుకోండి.

సున్నం ఎలా చేరుతుంది?

బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు కాగితే వాటిలో కొంత భాగం సున్నంగా మారి అడుగున పేరుకుంటుంది. నీళ్లు కాచే గిన్నెలో కనిపించే తెల్లటి పొర అదే. గిన్నెలో కనపడుతుంది కాబట్టి తోముతాం. గొట్టంలో కనపడదు కాబట్టి మరచిపోతాం.

తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే గతి లేనప్పుడు 600 దాకా వాడవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే తాగడానికి పనికొచ్చే నీరైనా యంత్రానికి గట్టిది కావచ్చు. కొలిచే సాధనం లేకపోయినా గుర్తు పట్టవచ్చు. సబ్బు నురగ రాని నీరు, కందిపప్పు ఓ పట్టాన ఉడకని నీరు కాఫీ యంత్రానికి శత్రువు. అలాంటి ఊళ్లలో యంత్రానికి నదీజలం నుంచి వచ్చే కుళాయి నీరో, శుద్ధి నీరో వాడటం మేలు.

శుభ్రం చేసే తీరు

యంత్రం చల్లారనివ్వండి. పొడి, కాగితం తీసేయండి. లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి ట్యాంకులో పోయండి. నిమ్మ ఉప్పు లేకపోతే తెల్ల వెనిగరు, నీళ్లు సమానంగా కలపవచ్చు. యంత్రం వేసి సగం నీరు దిగాక ఆపండి. అరగంట నాననిచ్చి మిగతాది దించండి. జగ్గులో తెల్లటి పెచ్చులు కనిపిస్తే సున్నం వదులుతున్నట్టే. తర్వాత రెండు మూడుసార్లు మంచినీళ్లు పోసి దించండి. పులుపు వాసన పోవాలి.

గొట్టం పూర్తిగా మూసుకుపోయి చుక్క కూడా కదలకపోతే, ఖాళీగా మరిగించవద్దు. ప్లగ్గు తీసి, అదే పుల్లనీటిని ట్యాంకులో గంటసేపు నిలవ ఉంచండి. ట్యాంకు అడుగున కవాటం కనపడితే పుల్లతో మెల్లగా కదిపి చూడండి. రాత్రంతా నానబెట్టవద్దు. గొట్టాలు చాలావరకు అల్యూమినియంవి, పులుపు వాటినీ తింటుంది.

ఒక హెచ్చరిక. వెనిగరులో గానీ నిమ్మ ఉప్పులో గానీ బ్లీచింగు పౌడరు కలపరాదు. క్లోరిను అనే విషవాయువు పుడుతుంది. బావిలో వేయగా మిగిలిన బ్లీచింగు వంటింట్లో ఉంచుకునే వారు ఇది గుర్తుంచుకోవాలి.

సున్నం ఎక్కువున్న ఊళ్లలో నెలకొకసారి, మిగతా చోట్ల రెండు మూడు నెలలకొకసారి ఇలా చేస్తే యంత్రం మొరాయించదు.

పొడి, ఫిల్టరు

చికోరీ కలిసిన మెత్తని పొడి ఫిల్టరుకు బాగుంటుంది గానీ యంత్రపు కాగితాన్ని మూసేస్తుంది. యంత్రానికి కాస్త బరక పొడి, చికోరీ తక్కువది కావాలి. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. ప్యాకెట్టు మీద పాళ్లు చదివి కొనండి. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. చికోరీ లేని అలాంటి పొడిని బరకగా పట్టిస్తే యంత్రానికి సరిపోతుంది.

స్టీలు ఫిల్టరు దిగకపోయినా మందు అదే. పైగిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు కనపడకపోతే నిమ్మ ఉప్పు నీటిలో పది నిమిషాలు మరిగించి, బ్రష్షుతో రుద్దండి. సూదితో పొడిస్తే చిల్లులు పెద్దవై పొడి కిందికి దిగుతుంది. పొడిని గట్టిగా అదమడం కూడా తప్పే.

అమెరికా యంత్రం

అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫోను ఛార్జరు రెండింటికీ పని చేస్తుంది కదా అని కాఫీ యంత్రాన్ని ఇక్కడి ప్లగ్గులో పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడి పుట్టి క్షణాల్లో కాలిపోతుంది. మంటలూ రావచ్చు. ప్లగ్గు మూతి మార్చే చిన్న ముక్క వోల్టేజీని మార్చదు. యంత్రం అడుగున రాసిన వాట్ల కన్నా ఎక్కువ సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మరు కావాలి. దాని ధరతో ఇక్కడి యంత్రమే కొనుక్కోవచ్చేమో ముందు లెక్క వేసుకోండి.

ఏ యంత్రమైనా మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు ఉండాలి. కడిగే ముందు ప్లగ్గు తీయాలి. కింది భాగాన్ని నీటిలో ముంచకూడదు. వేడి గాజు జగ్గు మీద చన్నీళ్లు పోయకూడదు. ఈ జాగ్రత్తలతో ముందు సున్నం వదిలించి చూడండి. అప్పటికీ కదలకపోతేనే మెకానిక్కును పిలవండి.