ఇనుప మంచము – విద్యుత్ క్షేత్రములు

గత వేసవిలో విత్తనశుద్ధి చూపుటకై మేమొక గ్రామ సహకార సంఘమునకు పోయినప్పుడు, సభ్యులొకరు కార్యదర్శి యొద్ద చిల్లర యప్పునకు అర్జీ పెట్టుకొని కూర్చుండిరి. ఎందులకని యడిగితిమి. తమ యింట నున్న నాలుగు ఇనుప మంచములలో రెంటిని పాత ఇనుము వెలకు అమ్మివేసితి మనియు, మిగిలిన రెంటిని కూడ అమ్మి చెక్క మంచములు కొనదలచితి మనియు చెప్పిరి. ఊరిలోనికి వచ్చిన వర్తకు డొకడు మంచముపై దిక్సూచి నుంచి, ముల్లు ప్రక్కకు తిరుగుట చూపి, ఇనుము గాలిలోని విద్యుత్తరంగములను లాగికొని నిద్రలేమిని, ఒడలి నొప్పులను, తుదకు క్యాన్సరును గూడ కలిగించునని బోధించెనట. మంచము మార్చలేనివారికి పరుపు క్రింద పరచుకొను రాగిరేకు నమ్ముచుండెనట. ఆ మధ్యాహ్నము మేము వారి యింటికి పోయి చూచితిమి. మంచము కంటె ముందు మా కంట బడినది వేరొకటి గలదు. దానిని తరువాత చెప్పెదము.

క్షేత్రమనగా మనకు పొలము. శాస్త్రజ్ఞు లీ మాటను వేరొక యర్థమున వాడుదురు. దీపము చుట్టును వెలుగు పరచుకొని, దూరము పోయిన కొలది సన్నగిల్లునట్లు, కరెంటు తీగె చుట్టును దాని బలము పనిచేయు ప్రదేశ మొకటి యుండును. తీగెలో వోల్టేజి యున్నంత మాత్రమున విద్యుత్ క్షేత్రమును, కరెంటు పారునప్పుడు అయస్కాంత క్షేత్రమును కలుగును. మన యిండ్ల కరెంటు సెకనునకు 50 ఆవృత్తుల చొప్పున దిశ మారుచుండును గనుక ఈ క్షేత్రములును అట్లే మారుచుండును. ఇవి యంత్రమునకు మిక్కిలి దగ్గరగా బలముగా నుండి, మూరెడు, బారెడు దూరములోనే చాల తగ్గిపోవును. మంచములో కరెంటు లేదు. కావున అది ఇట్టి క్షేత్రమును పుట్టింపజాలదు.

మరి ముల్లేల తిరిగినది? ఇంగ్లండులో గిల్బర్టు అను వైద్యుడు 1600లో ప్రకటించిన గ్రంథమున, కమ్మరి కాగిన ఇనుమును ఉత్తర దక్షిణములుగా నుంచి సాగగొట్టిన యెడల అది యయస్కాంత మగునని వ్రాసెను. భూమియే పెద్ద అయస్కాంతము. దాని బలము మన ప్రాంతమున సుమారు 40 మైక్రోటెస్లాలు. ఇనుప వస్తువు లన్నియు దానివలన కొంచెమో గొప్పయో అయస్కాంత గుణము పొందును. మేము ఆ యింటి గునపమును తెప్పించి, మా చేతి ఫోనులోని దిక్సూచిని దాని కొన యొద్ద నుంచితిమి. మంచము యొద్ద తిరిగినట్లే ఇచ్చటను ముల్లు తిరిగెను. గునపమువలన ఎవరికి క్యాన్సరు వచ్చినది? ఉత్తరపు దిక్కున తల పెట్టి పండుకొనరాదను పెద్దల యాచారమును మేము తప్పు పట్టము. అయితే దానికి అయస్కాంతమును సాక్షిగా పిలువ నక్కరలేదు.

తరంగముల మాట కూడ పూర్తిగా గాలికి పుట్టినది కాదు. స్వీడనులో ఇరువురు పరిశోధకులు, మంచపు స్ప్రింగులు రేడియో తరంగములను పట్టి నిలుపునని 2010లో ఒక వాదము ప్రకటించిరి. అది దేశముల రోగ లెక్కలను పోల్చి చేసిన యూహయే గాని, మంచముల యొద్ద కొలిచి రుజువు చేసినది కాదు. ఇంగ్లండులోనే కమ్మరి కుమారుడైన ఫారడే 1836లో, చుట్టును లోహము కప్పిన పెద్ద గదిలో తాను కూర్చుండి, వెలుపల ఎంత విద్యుత్తు నెక్కించినను లోపలికి రాదని చూపెను. ఒక్క మంచము అట్టి గది కాదు. అది మనలను కాపాడదు, చెరుపదు. రాగిరేకు సంగతియు నంతే.

అట్లని సందేహమే లేదని చెప్పుట న్యాయము కాదు. అమెరికాలోని డెన్వరు నగరమున 1979లో జరిగిన పరిశోధన మొదలుకొని, అయస్కాంత క్షేత్రము ఎల్లప్పుడును సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాలకు మించియున్న కొలది యిండ్లలో పిల్లలకు రక్తపు క్యాన్సరు కొంచె మెక్కువగా కనబడుచున్నదని లెక్కలు వచ్చినవి. అందుచే 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ క్షేత్రములను "కలిగింపవచ్చునేమో" యను తరగతిలో నుంచెను. కలబంద పూర్తి యాకు సారమును అదే తరగతిలోనే యున్నది. క్షేత్రమే కారణమని చెప్పుటకు సాక్ష్యము చాలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపెను. కావున మీటరు బోర్డుగాని, ఇన్వర్టరుగాని యున్న గోడకు ఆనించిన పిల్లల మంచమును బారెడు దూరము జరుపుడు. ఖర్చు లేని పని. అంతకు మించి అప్పు చేయనక్కరలేదు.

నిద్ర పట్టనివారి బాధ నిజమైనదే. అయితే క్షేత్రము ఉన్నదీ లేనిదీ తెలియనీయక పరీక్షించినప్పుడు, తమకు తెలియునన్నవారును కనిపెట్టలేకపోయిరి. తలగడ ప్రక్క ఫోను నిద్ర చెరుపుట తరంగములచేత కాదు, అర్ధరాత్రి వరకు దానిని చూచుటచేత.

ఇక మా కంట బడిన దానిని గూర్చి. ఆ గదిలో రేకు కూలరు ఇనుప మంచమును తాకుచు నుండెను. క్రింద నేల తడి. ప్లగ్గునకు రెండే కాళ్లు. ముట్టుకొన్నప్పుడు చురుక్కుమనునని ఇల్లాలు చెప్పెను. పిల్లలు ఆ మంచముమీదనే పండుకొనుదురట!

లోహము కరెంటును పారనిచ్చును. పడకగదిలో దానికి భయపడవలసిన కారణ మిదియే. కూలరు మోటారులో తీగె తొడుగు చెడి 230 వోల్టులు రేకునకు తగిలిన యెడల, రేకునుండి మంచమునకు, మంచమునుండి మనిషికి, మనిషినుండి తడినేలకు దారి దొరకును. సుమారు 10 మిల్లీయాంపియర్లకు చేయి బిగిసి విడిపించుకొన రాదు. 50 దాటిన గుండె లయ తప్పవచ్చును. 10 వాట్ల బల్బు వెలుగుటకే 40కి పైగా పట్టును. మామూలు ఫ్యూజు ఇంత స్వల్పమునకు కాలదు.

మంచమునకుగాని కూలరునకుగాని టెస్టరు ఆనించినప్పుడు మినుకుమనిన యెడల, అది గోడలోని తీగె ప్రభావమున కలుగు నిరపాయమైన వెలుగో, నిజముగా కారుచున్న కరెంటో కంటికి తెలియదు. కారుచున్నదనియే యెంచి మెయిన్ స్విచ్చి తీసివేసి, పని తెలిసినవానిని పిలువవలెను. మూడు కాళ్ల ప్లగ్గు, దానిని కలుపు మంచి ఎర్తు గుంట, వేసవిలో గుంటకు నీరు, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ – ఇవి యుండవలెను. ఈ కడపటిది, పోయిన కరెంటును తిరిగి వచ్చిన కరెంటును సరిచూచి, తేడా రాగానే తెంపివేయును. కూలరులో నీరు పోయునప్పుడు ప్లగ్గు తీసియే పోయవలెను. బట్టలారవేయు ఇనుప తీగెను కరెంటు తీగెల దాపున కట్టరాదు. ఎవరైన కరెంటునకు పట్టుబడిన యెడల చేయి వేయక, ముందు మెయిన్ తీసి, పిదప 108కి ఫోను చేయవలెను.

ఆ సభ్యులు అర్జీని వెనుకకు తీసికొనిరి. వారమునకు ఎర్తు గుంట వేయించి, ప్లగ్గు మార్పించి, కూలరును కిటికీ వెలుపలికి జరిపిరి. అమ్మిన రెండు మంచములు మాత్రము తిరిగి రాలేదు.