ఊరగాయ గడ్డి చెడితే.. మాంసకృత్తులు మూత్రంపాలు!

గుంత మూతలోనే పాల మర్మం

తిరువాలంగాడు: నటరాజస్వామి రత్నసభ తర్వాత ఈ ఊరికి పేరు తెచ్చింది చెరకే. తిరుత్తణి సహకార చక్కెర మిల్లు ఉన్నది ఇక్కడే. చెరకు నరికే రోజుల్లో కొస ఆకు ఎంత కావాలంటే అంత. కార్తీకం వానలకు గట్ల మీద గడ్డి మోకాలెత్తు. తీరా ఎండలు ముదిరేసరికి వరిగడ్డి వామే దిక్కు. మిగులు పచ్చిమేతను గుంతలో పాతరేసి సైలేజీ చేసుకోమని పశువైద్యులు చెప్పేది అందుకే. తమిళంలో దీన్ని ‘ఊరుగాయ్ పుల్’ అంటారు. ఊరగాయ గడ్డి అన్నమాట. పేరు అతికినట్టు సరిపోయింది. ఊరబెట్టిన తీరును బట్టే అందులోని మాంసకృత్తులు ఆవుకు ఒంటబట్టేదీ లేనిదీ తేలుతుంది.

అంకె నిజమే.. కానీ!

సైలేజీ అమ్మేవారు ‘ప్రొటీన్ ఇంత శాతం’ అని కాగితం చూపిస్తారు. ల్యాబ్‌లో కొలిచేది నిజానికి నత్రజనిని. దాన్ని 6.25తో హెచ్చవేసి ముడి మాంసకృత్తులు అంటారు. అసలు మాంసకృత్తులకూ, కుళ్లి పుట్టిన అమ్మోనియాకూ ఆ లెక్కలో తేడా లేదు. పచ్చిగడ్డిలోని నత్రజనిలో ముప్పావు వంతుకు పైగా అసలు మాంసకృత్తులే. గుంతలో వేశాక గడ్డిలోని ఎంజైములే వాటిని ముక్కలు చేస్తాయి. సగానికి సగం అలా కరిగిపోవడం మామూలే. ఇక నీరెక్కువై, పులుపు త్వరగా ఎక్కకపోతే క్లాస్ట్రీడియా అనే బ్యాక్టీరియా చేరి మిగిలినదాన్నీ అమ్మోనియా చేస్తుంది. కాగితం మీది అంకె మాత్రం కదలదు!

పెద్ద పొట్టలో ఏం జరుగుతుంది?

నెమరు వేసే పశువు పెద్ద పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. అవి అమ్మోనియాను వాడుకుని పెరుగుతాయి. తర్వాత అవే పేగుల్లో అరిగి ఆవుకు మాంసకృత్తులవుతాయి. మేత పొడి పదార్థంలో ముడి మాంసకృత్తులు 7 శాతానికి తగ్గితే వాటికి తిండి చాలదు, మేత సరిగా అరగదు. చెరకు కొస ఆకుది ఈ కష్టమే. అందులో ఉండేది 5, 6 శాతమే.

చెడిన సైలేజీది వేరే తంటా. అమ్మోనియా ఒక్కసారిగా మీద పడుతుంది. దాన్ని వాడుకునేందుకు కావలసిన చక్కెర గుంతలోనే ఖర్చయిపోయి ఉంటుంది. మిగిలిన అమ్మోనియా రక్తంలోకెక్కి, కాలేయంలో యూరియాగా మారి, మూత్రంలో పోతుంది. రైతు మళ్లీ వేరుశనగ చెక్క కోసం జేబు తడుముకోవాలి. సొసైటీలో పాలకు వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ చూసే ధర కడతారు. పాలలోని మాంసకృత్తులు ఆ ఎస్‌ఎన్‌ఎఫ్‌లో భాగమే.

ఫిన్లాండ్ నుంచి బెల్లం దాకా

చల్లటి దేశం ఫిన్లాండ్‌లో వర్తానెన్ అనే రసాయన శాస్త్రవేత్త 1920ల చివర్లో పచ్చిమేతపై ఆమ్లం చల్లి చూశారు. పులుపు వెంటనే ఎక్కడంతో ఎంజైములు, చెడు బ్యాక్టీరియా ఆగిపోయాయి. మేతను నిల్వ చేసే ఈ పద్ధతికి 1945లో నోబెల్ బహుమతి దక్కింది. గడ్డికి నోబెలా అనుకోవద్దు, నిజమే. తర్వాత ఫార్మిక్ ఆమ్లం వాడుకలోకి వచ్చింది. ఫార్మాల్డిహైడ్ కూడా వాడారు. అది మాంసకృత్తులను పెద్ద పొట్టలో కరగకుండా కాపాడుతుంది, మోతాదు మించితే పేగుల్లోనూ అరగనివ్వదు. మేత సంకలితంగా దానికి అనుమతినివ్వడానికి యూరోపియన్ యూనియన్ 2018లో నిరాకరించింది. మన రైతుకు ఆ జోలి అక్కర్లేదు.

కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన సీఓ-4 నేపియర్ లాంటి గడ్డిలో మాంసకృత్తులు 10 శాతం దాకా ఉన్నా చక్కెర తక్కువ. అందుకే టన్నుకు 20 కిలోల బెల్లం మడ్డి గానీ, నల్లబెల్లం కరిగించిన నీళ్లు గానీ చల్లాలి. మిల్లు మడ్డిపై ఎక్సైజ్ ఆంక్షలుంటాయి కనుక బెల్లమే సులువు. ప్యాకెట్లలో దొరికే లాక్టిక్ బ్యాక్టీరియా మంచిదే. అయితే తినడానికి చక్కెర లేకపోతే అదీ ఏమీ చేయలేదు.

కొస ఆకుకు, మొక్కజొన్నకు టన్నుకు 5 కిలోల యూరియా సమంగా కలిపితే సూక్ష్మజీవులకు నత్రజని అందుతుంది. నేపియర్, అలసందలకు యూరియా దండగ. ఆరు నెలల లోపు దూడలకు ఆ మేత అసలే పెట్టరాదు. ఒకేచోట ముద్దగా పడితే పెద్ద పశువుకూ ప్రాణాపాయమే.

తొక్కుడు తగ్గితే..

ఊరగాయ జాడీకి గాలి తగిలితే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. గుంతకూ అంతే. సరిగా తొక్కక గాలి మిగిలితే లోపల కాక పుడుతుంది. గడ్డి ముదురు గోధుమ రంగుకు తిరిగి పొగాకు, మాడిన బెల్లం వాసన వేస్తుంది. పశువు ఇష్టంగానే తింటుంది, రైతు సంతోషిస్తాడు. కానీ వేడికి చక్కెరతో అతుక్కున్న మాంసకృత్తులు పేగుల్లోనూ అరగక పేడలో పోతాయి.

కోసిన గడ్డిని పూటసేపు ఆరబెట్టి, పిడికిట పిండితే నీరు కారకుండా చెయ్యి చెమ్మగిల్లే పాటికి చిన్న ముక్కలు చేసి గుంత నింపాలి. ఎంత త్వరగా పట్ట కప్పి మట్టేస్తే అంత మేలు. 45 రోజులకు తీసి చూస్తే లేత పసుపాకుపచ్చ రంగు, పుల్లటి వాసన ఉండాలి. పీహెచ్ కాగితం 4.2 లోపు చూపాలి. మురిగిన నెయ్యి కంపు కొడితే క్లాస్ట్రీడియా చేరినట్టే. బయట కొనేవారు ప్రొటీన్ శాతంతో ఆగకుండా, మొత్తం నత్రజనిలో అమ్మోనియా వాటా ఎంతో అడగాలి. అది 10 శాతం లోపుంటే సరుకు మంచిది. 15 దాటితే బేరం మానుకోవచ్చు.