జలపాతాలు ఎక్కే చేప

పుదుచ్చేరి చుట్టుపక్కల ఏళ్లన్నీ మైదానపు ఏళ్లే. శంకరాభరణి, తెన్‌పెన్నై సముద్రాన్ని చేరేసరికి నెమ్మదిస్తాయి. ఇలాంటి నీటి అడుగున ఇసుకలో నక్కి ఉండే చేపను తమిళులు ఉళువై అంటారు. మన గోదావరి తీరంలో అదే ఇసుకదొందు. ఇది గోబీల వర్గానికి చెందినది. దీని బంధువులు కొన్ని కొండ వాగుల్లో ఉరవడికి ఎదురీది జలపాతాలే ఎక్కుతాయి.

చాలా గోబీలకు పొట్ట కింది రెండు రెక్కలు కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి. సిక్యోప్టెరస్ ప్రజాతి చేపలు ఈ గిన్నెతో తడి రాతికి అతుక్కుంటాయి. తర్వాత నోటితో రాయిని పట్టి, గిన్నెను పైకి జరిపి, మళ్లీ నోరు ముందుకు చాస్తాయి. ఇలా అంగుళం అంగుళం పైకి పాకుతాయి. పశ్చిమ కనుమల ఏళ్లలో సిక్యోప్టెరస్ గ్రిసియస్ అనే జాతి ఉంది.

ఇవి వాగులో రాళ్ల కింద గుడ్లు పెడతాయి. పొదిగిన పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి కొద్ది రోజుల్లోనే ఉప్పునీటిని చేరాలి, లేకపోతే చనిపోతాయి. సముద్రంలో కొన్ని నెలలు పెరిగి, ఏదో ఒక నది ముఖద్వారం గుండా తిరిగి కొండెక్కుతాయి. అది పుట్టిన నదే కానక్కరలేదు. అందుకే అగ్నిపర్వత ద్వీపాల్లో ఎండిపోయిన వాగుల్లోకి కూడా ఈ చేపలు మళ్లీ రాగలవు.

హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో ఇలా తిరిగొచ్చే పిల్లల్ని బిషీక్ అంటారు. వీటిలో ఎక్కువ భాగం సిక్యోప్టెరస్ లాగోసెఫలస్. ఆ ద్వీపానికి 1828లో యానాం నుంచి తెలుగు కూలీలు వెళ్లారు. తర్వాతి దశాబ్దాల్లో పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి వేలాది మంది ఓడలెక్కారు. నేడు బిషీక్ కూర అక్కడ ఖరీదైన వంటకం. దాన్ని పిలిచే 'కారీ' అన్న మాట తమిళ 'కరి' నుంచి వచ్చిందే.

చిక్కంతా ఇక్కడే ఉంది. నది ముఖద్వారంలో బుట్టల్లో పడేవన్నీ ఇంకా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని పిల్లలే. తప్పించుకున్నవాటికి పైన ఆనకట్టలు ఎదురవుతాయి. గోడ మీద నీటి తడి ఉంటే ఇవి దాన్నీ ఎక్కగలవు. నీటినంతా కాలువలకు మళ్లిస్తే ఎక్కడానికి దారే ఉండదు, కిందికి రావలసిన పిల్లలు కూడా కాలువల పాలవుతాయి. కొండ నుంచి కడలి దాకా వాగు తెగకుండా పారినంత కాలమే ఈ చేపలకు మనుగడ.