మీకు తెలుసా? బద్ధకమనుకున్నది జన్యువులో తేలింది

మెట్లెక్కడం మొదలుపెట్టిన నిమిషానికే తొడలు బిగుసుకుపోయే మనిషి, కాస్త ఆగి నెమ్మదిగా నడక సాగిస్తే పది నిమిషాలకల్లా తేరుకుని హాయిగా నడిచేస్తాడు. గుండె దడ కూడా తగ్గుతుంది. మెకార్డిల్ వ్యాధి లక్షణమిది. మొదట చూసినవాళ్లు బద్ధకమంటారు, తర్వాత చూసినవాళ్లు నటన అంటారు. చిన్నప్పటి నుంచీ ఈ మాటలు పడి, నడివయసులో గానీ జబ్బు పేరు వినని రోగులు ఎందరో.

1951లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు బ్రయాన్ మెకార్డిల్, 30 ఏళ్ల రోగి చేతికి రక్తం ఆడకుండా పట్టీ బిగించి పిడికిలి మూసి తెరవమన్నాడు. ఆ తర్వాత తీసిన రక్తంలో లాక్టిక్ ఆమ్లం ఎవరికైనా పెరగాలి. ఇతనికి పెరగలేదు. అంటే కండరం తనలో దాచుకున్న గ్లైకోజన్‌ను ఖర్చు పెట్టుకోలేకపోతోంది. డీఎన్ఏ ఆకారమే ఇంకా తెలియని రోజుల్లో, ఒక పట్టీతో, సిరంజితో ఆయన జబ్బు మూలం దాకా వెళ్లాడు. కొరవడింది ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ అని 1959లో తేలింది. నడక సాగిస్తే తేరుకోవడానికి కారణమూ ఇదే: సొంత నిల్వ అందకపోయినా, కాసేపటికి రక్తం మోసుకొచ్చే గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు కండరాన్ని ఆదుకుంటాయి.

ఆ ఎంజైమ్‌కు ఆధారమైన పీవైజీఎం జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. కాలేయానికీ మెదడుకీ వేరే జన్యువులున్నాయి కాబట్టి దెబ్బంతా కండరాలకే. జన్యువులో లోపాలు 1993లో బయటపడ్డాయి. యూరప్ మూలాలున్న రోగుల్లో తరచూ కనిపించేది ఆర్50ఎక్స్. 842 అమైనో ఆమ్లాలతో తయారవ్వాల్సిన ప్రొటీన్‌కు 50వ చోటే ‘ఇక ఆపు’ అనే సంకేతం పడుతుంది. పాత రిపోర్టుల్లో ఆర్49ఎక్స్ అని ఉంటే కంగారు పడక్కర్లేదు, రెండూ ఒకటే. మొట్టమొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్‌ను కూడా లెక్కలో కలపడంతో అంకె ఒకటి పెరిగిందంతే.

తిరకాసు ఇక్కడుంది. ఆ ఒక్క లోపాన్నే వెతికే పరీక్ష బ్రిటన్‌లో చాలామంది విషయంలో పనికొస్తుంది. జపాన్ రోగుల్లో మాత్రం ఆర్50ఎక్స్ దాదాపు కనిపించదు, అక్కడివారిలో ఎక్కువగా ఉన్నది ఒక ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లం ఎగిరిపోయే లోపం. అందుకే యూరప్ జాబితా పట్టుకుని మనవాళ్లలో వెతకడం డబ్బు దండగని నా అభిప్రాయం. అనుమానం గట్టిగా ఉంటే జన్యువును మొత్తం చదివించాలి. కావలసింది కాస్త రక్తమే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం స్పష్టంగా కనబడితే కండ ముక్క తీయించుకునే బాధ తప్పుతుంది.

రెండు ప్రతులూ చెడితేనే జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ చెరొక చెడు ప్రతి మోస్తూ, పైకి ఏ బాధా లేకుండా ఉండొచ్చు. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఒకే పూర్వీకుడి లోపం రెండు వైపుల నుంచీ దిగే అవకాశం ఎక్కువ.

రిపోర్టు చేతికొచ్చినంత మాత్రాన నయం చేసే మందు దొరకదు, అలాంటి మందు ఇంకా లేదు. కానీ దాంతో చాలా పనులున్నాయి. ఈ రోగుల రక్తంలో సీకే అనే కండరాల ఎంజైమ్ దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షల అంకెలు కూడా కండరాల వల్లే పెరగొచ్చు, సంగతి తెలియకపోతే లివర్ చుట్టూ అనవసరంగా తిరగాలి. బరువులెత్తాక మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది కండరం కరిగిన గుర్తు. కిడ్నీలు దెబ్బతినక ముందే, అదే రోజు ఆసుపత్రికి చేరాలి. ఇక ఏ ఆపరేషనైనా సరే, మత్తు డాక్టరుకు ముందే ఆ రిపోర్టు చూపించాలి. రక్తం ఆగేలా టోర్నికే బిగిస్తే కండరం చచ్చుబడొచ్చు, ఆపరేషన్ తర్వాత వచ్చే వణుకు కూడా వీళ్లకు ప్రమాదమే.