మీకు తెలుసా? మన 'ఆ' అరబ్బీ కామా అయిపోగలదు!

యూనికోడ్‌లో మన 'ఆ' నంబరు 3078. ఒక బైట్‌లో 255కి మించి పట్టదు కాబట్టి యూటీఎఫ్-16 పద్ధతిలో దీన్ని రెండు బైట్లుగా దాస్తారు: 12, 6. అంటే పన్నెండు 256లు, వాటిపైన ఆరు. ఆ రెంటినీ తిరగేసి 6, 12 అని చదివితే 1548 వస్తుంది. అది అరబ్బీ కామా! అలాగే తిరగేస్తే 'అ' కాస్తా రష్యాలోని కోమి భాషకు ఒకప్పుడు వాడిన అక్షరమవుతుంది. 'క' అయితే ఏకంగా కెనడా ఆదివాసుల లిపిలో తేలుతుంది.

ఇలా తిరగేసి చదివేది ఇంకో రకం కంప్యూటరే. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్లు పెద్ద బైట్‌ని, అంటే పెద్ద స్థానానిదాన్ని, ముందు పెడతాయి, మనం అంకెలు రాసే వరసలోనే. ఇంటెల్ పీసీలు చిన్నదాన్ని ముందు పెడతాయి. దీని మూలం 1970 నాటి డేటాపాయింట్ 2200 అనే యంత్రంలో ఉంది. దాని ప్రాసెసర్ ఒకసారికి ఒక్క బిట్‌నే కూడేది. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెడితేనే కదా, చేతిలో ఉంచుకున్న ఒకటిని పక్క స్థానంలో కలపగలం! అందుకే చిన్న బైట్ ముందుండాలి. ఆ ప్రాసెసర్‌నే ఒక్క చిప్‌లో ఇమిడ్చేందుకు ఇంటెల్ 8008 అనే చిప్‌ను చేసింది. తీరా డేటాపాయింట్ కంపెనీ దాన్ని వాడుకోనే లేదు. వరస మాత్రం ఇంటెల్ తర్వాతి చిప్ 8086 మీదుగా నేటి పీసీల దాకా వచ్చేసింది.

పీడీపీ-11 కంప్యూటర్ మీద పెరిగిన యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేరే వరస యంత్రానికి తరలించినప్పుడు తెర మీద తన పేరే 'నుక్సి' అని పడిందని ఈ రంగంలో ఓ పాత ముచ్చట. నవ్వొచ్చినా, కంటికి కనిపించే తప్పు కాబట్టి అది నయం. కనిపించని తప్పులూ ఉంటాయి. ఇంటర్నెట్‌లో పోర్ట్ నంబర్లు, అంటే సమాచారం ఏ ప్రోగ్రామ్‌కు చేరాలో చెప్పే నంబర్లు, పెద్ద బైట్ ముందు పెట్టుకునే ప్రయాణిస్తాయి. ఇంటెల్ యంత్రం మీద రాసే ప్రోగ్రామర్ బైట్లు తిప్పడం మరిచాడా, 80వ పోర్ట్‌కు బదులు 20480 తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తూనే ఉంటుంది!

యూటీఎఫ్-16 ఫైలు మొదట్లో వరస చెప్పే గుర్తు పెట్టొచ్చు. పెట్టకపోతే ఊహే గతి. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో ఈ పేచీ లేదు. ఏ చిప్ మీదైనా 'ఆ' అంటే 224, 176, 134, అదే వరసలో. కాకపోతే ఒక్కో తెలుగు అక్షరానికి రెండు కాదు, మూడు బైట్లు ఖర్చు.